ఢిల్లీ సంగతి సరే అంకుల్, మన గేటు సంగతేంటి?

పొద్దున్న ఆరున్నరకి అమ్మ దగ్గుతూ లేచింది. కిటికీ మూద్దామని వెళ్తే ఎదురుగా పొగ. నిన్న రాత్రి బాల్కనీలో ఆరేసిన మా పాప స్కూలు చొక్కా నిండా నల్లటి నుసి. దులిపితే పోవడం మానేసి గీతలు గీతలుగా అంటుకుపోయింది. తెల్ల చొక్కా! ఈ రోజు సోమవారం!

అయిదు అంతస్తులు దిగి వెళ్తే గేటు పక్కన బాదం ఆకుల కుప్ప తగలబడుతోంది. ఉత్త ఆకులే అయితే సరే అనుకుందును. రెండు పాల ప్యాకెట్లు, ఎవరిదో పార్సిల్ కవరు, పైన ఒక పాత హవాయి చెప్పు. "చెత్తబండోడు ఆకులు తీసుకోనంటుండు మేడం, సార్ కాలబెట్టమన్నడు" అన్నాడు వాచ్‌మన్. సార్ అంటే మా అసోసియేషన్ ప్రెసిడెంట్ అంకుల్. ఆయన అక్కడే ఉన్నారు, కారు స్టార్ట్ చేసి పెట్టి, పేపరు చదువుతూ. డీజిల్ బండి కదా, పావుగంట వేడెక్కాలట. ఇంజినా, ఇడ్లీ పాత్రా?

"ఏమ్మా, నాలుగాకులు కాలిస్తే ఏమైపోతుంది? మా చిన్నప్పుడు చలిమంటలు వేసుకోలేదా?"

వేసుకున్నారు అంకుల్. మీ ఊళ్ళో, చుట్టూ పొలాలుండగా. మీరు అప్పుడు చలిమంటలో చెప్పులు కాల్చుకున్నారా? ఇక్కడ నాలుగు వైపులా బిల్డింగులే. పైగా చలికాలం పొద్దున్న గాలి కదలదు, పొగ పైకి పోదు. మా అమ్మ ముక్కులోకి కాక ఎక్కడికి పోతుంది?

నవంబర్ వస్తే చాలు, ఈయనే గ్రూపులో ఢిల్లీ ఫొటోలు పెడతారు. "పాపం, మనం అదృష్టవంతులం" అని కింద దణ్ణాల బొమ్మలు. ఢిల్లీ వాళ్ళకి పొలంలో గడ్డి కాల్చే పంజాబ్ రైతుని తిట్టుకునే సౌకర్యమైనా ఉంది. హైదరాబాదులో మా నిజాంపేటలో తిట్టడానికి పొలాలు కూడా మిగల్లేదు, అన్నీ వెంచర్లే. 2019లో కేంద్రం గాలి బాగోలేని ఊళ్ళ జాబితా తీస్తే అందులో హైదరాబాదూ ఉంది, విజయవాడా ఉంది, విశాఖా ఉంది. ఆ జాబితా మాత్రం మా గ్రూపులోకి ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

వెంచర్లంటే గుర్తొచ్చింది, పక్క ప్లాట్ వాడు. పచ్చ వల కట్టడు, నీళ్ళు చల్లడు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాయి కోస్తూనే ఉంటాడు. అయినా కంటికి కనిపించే దుమ్ముని గుడ్డతో తుడుచుకుంటాం. కనిపించనిదే కొంప ముంచేది. మంటలోంచి, డీజిల్ పొగలోంచి వచ్చే సన్న రేణువు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పోతుంది. పీఎం 2.5 అంటే అదే. ఘనపు మీటరు గాలిలో అది రోజుకి సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో 60 దాకా పరవాలేదు. మన ఊపిరితిత్తులు నాలుగు రెట్లు గట్టివి కాబోలు.

చెత్త బయట కాలిస్తే 5,000 రూపాయలు జరిమానా అని 2016లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పింది. అదే అంకుల్‌తో అన్నాను. నవ్వారు. "మనలో మనకి జరిమానాలేంటమ్మా?"

మనలో మనకా! పోయిన ఏడాది మా తులసి కుండీలో నీళ్ళు నాలుగు చుక్కలు ఆయన కారు మీద పడ్డాయని నాకు 500 ఫైన్ వేసింది ఎవరు? తులసి అంకుల్, తులసి! రసీదు కూడా ఇచ్చారు, "బాల్కనీ నీటి కాలుష్యం" అని రాసి. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. మీటింగులో ఒక్కరూ నోరు మెదపలేదు. లిఫ్ట్‌లో మాత్రం "పాపం మీకు అన్యాయం జరిగింది" అని గుసగుసలు. ఆ మెత్తటి మనుషులంతా ఈ రోజు కూడా కిటికీలు మూసుకుని కూర్చున్నారు.

ఇదంతా టైప్ చేస్తుండగానే గ్రూపులో మెసేజ్ వచ్చింది. "కొందరు సభ్యుల ఫిర్యాదు మేరకు రేపటి నుంచి ఆకులు గేటు దగ్గర కాకుండా టెర్రస్ మీద కాల్చబడును. సహకరించగలరు."

మాది టాప్ ఫ్లోర్.