బ్రాకెట్టు చూసి బెంబేలెత్తిన మెసేజ్

"మాకింగ్‌బర్డ్ పేరు వెనక శాస్త్రవేత్తల మోసం" అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. మాకింగ్‌బర్డ్ అంటే వేరే పక్షుల కూతల్ని అనుకరించే అమెరికా పక్షి. నిన్న పంపినవాళ్లే ఇవాళ మళ్లీ పంపుతున్నారు. చదువుకున్నవాళ్లు కూడా "నిజమేనా?" అని అడుగుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

జీవులకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అమెరికా అడవుల్లో దాని పాట విని పేరు పెట్టాడట. ఆయన అమెరికాలో అడుగే పెట్టలేదు. అమెరికా పక్షుల గురించి రాసిన కేట్స్‌బీ వర్ణన చదివి పెట్టాడు. మిమిక్రీ చేసే పక్షులన్నీ ఒకే కుటుంబమట. అయితే చిలకనీ, ఆస్ట్రేలియా లైర్‌బర్డ్‌నీ కూడా ఇందులోనే కలిపెయ్యండి, పనైపోతుంది.

మాకింగ్‌బర్డ్ శాస్త్రీయ నామం మిమస్ పాలీగ్లోటోస్ పక్కన "లిన్నేయస్, 1758" అని బ్రాకెట్లలో రాస్తారు కదా, అది అనుమానానికి గుర్తట! లిన్నేయస్ ఈ పక్షిని త్రష్‌లనే పాటపక్షులతో పాటు టర్డస్ ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట అదే) పెట్టాడు. మిమస్ అనే ప్రజాతిని జర్మన్ శాస్త్రవేత్త బోయీ ఏర్పరచింది 1826లో. జాతికి పేరు పెట్టినప్పటి ప్రజాతి వేరు, ఇప్పటిది వేరు అయితే ఆ పేరు పెట్టినాయన్ని బ్రాకెట్లో రాయాలన్నది నియమం. ఊరకాకి శాస్త్రీయ నామం పక్కన "వియో, 1817" అని బ్రాకెట్టు లేకుండానే ఉంటుంది, ఎందుకంటే అది మొదట్నుంచీ కార్వస్ ప్రజాతిలోనే ఉంది. ఊరపిచ్చుకకి మాత్రం బ్రాకెట్టుంది. మరి పిచ్చుకలు ఉన్నాయో లేవో కూడా ఇప్పుడు అనుమానించాలా?

నిజంగా ఒళ్లు మండేది తర్వాతి పాయింటు. గలపాగోస్ దీవుల మాకింగ్‌బర్డ్‌లని నిసోమిమస్ అనే ప్రజాతి నుంచి మిమస్‌లోకి మార్చారు కాబట్టి డార్విన్ ఓడిపోయాడట. డార్విన్ 1835లో వాటిని సేకరించేనాటికి నిసోమిమస్ అన్న పేరే పుట్టలేదు. ఒక్కో దీవిలో ఒక్కో రకం ఉండటమే ఆయన్ని ఆలోచనలో పడేసింది. 1837లో పక్షి శాస్త్రవేత్త గౌల్డ్ వాటిని మూడు జాతులుగా తేల్చాడు. పార్వులస్, ట్రైఫాసియేటస్, మెలనోటిస్ అని ఆయన పెట్టిన జాతి పేర్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మారింది ముందున్న ప్రజాతి పేరే. ఇంటిపేరు మారితే మనిషి మారిపోతాడా? పైగా మార్చిందెందుకు? 2006లో డీఎన్ఏ పరిశీలిస్తే ఆ దీవుల పక్షులు మిమస్ కొమ్మల మధ్యలోంచే పుట్టాయని తేలింది. ఒకే మూలం నుంచి చీలాయనే కదా దానర్థం? డార్విన్ చెప్పిందీ అదే. ఆయన్ని ఓడించడానికి వీళ్లకి దొరికిన సాక్ష్యం ఆయన తరఫు సాక్షి!

ఇంత చెత్తలోనూ ఒకటి నిజం: మాకింగ్‌బర్డ్ గోరువంకకి చుట్టం. మాకింగ్‌బర్డ్‌లుండే మిమిడే కుటుంబానికి అన్నిటికంటే దగ్గరది గోరువంకలుండే స్టర్నిడే కుటుంబమే. లిన్నేయస్ జత చేసిన త్రష్‌లు ఆ తర్వాతే. ఈ విషయంలో ఆయనకంటే మన ఫార్వర్డ్ వీరుడే నయం. కాకపోతే రెండూ మిమిక్రీ చేస్తాయి కాబట్టి చుట్టాలని రాశాడు. చుట్టరికం తేల్చింది గొంతు కాదు, డీఎన్ఏ.