సవరణ: బంబుల్ డేటింగ్ యాప్‌లో ఏఐల డేటింగ్ గురించి

నిన్నటి పోస్టులో "బంబుల్‌లో మన బదులు ఏఐలే మాట్లాడుకుంటాయి" అని ఉంది, దాన్ని ఇలా చదువుకోండి: 2024 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక టెక్ సదస్సులో బంబుల్ వ్యవస్థాపకురాలు విట్నీ వుల్ఫ్ హెర్డ్, మన ఏఐ వేరేవాళ్ల ఏఐతో ముందే మాట్లాడి, కుదురుతుందనిపించిన కొద్దిమందినే మనకు చూపించే రోజు రావచ్చన్నారు. అది ఆలోచన మాత్రమే, అప్పటికి యాప్‌లో ఉన్న ఫీచర్ కాదు.

మరో డేటింగ్ యాప్ టిండర్ 2024లో తెచ్చింది ప్రొఫైల్ ఫొటోలు ఎంచిపెట్టే ఏఐ. ఇంకో యాప్ హింజ్‌ ఏఐ 2025 జనవరిలో వచ్చింది, ప్రొఫైల్ జవాబులు అది రాసిపెట్టదు, ఇంకాస్త వివరంగా రాయమంటుంది, అంతే. ఇలా సాయం చేయడానికీ, మన బదులు మాట్లాడడానికీ ఉన్న తేడా చిన్నది కాదు, ఎందుకంటే ఫొటో ఎవరు ఎంచినా ముఖం మనదే, మొదటి పలకరింపు కూడా మెషీన్‌దే అయితే అవతలి మనిషి ఇష్టపడుతున్నది ఎవరిని? నిన్నటి పోస్టులోని ఆ అభ్యంతరాన్ని మాత్రం అలాగే ఉంచుతున్నాను.