మహారాజశ్రీ ఈపి గారికి

తిరుపతి నుంచి ఇద్దరు ఆడపిల్లల తల్లి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా గోక్కుంటూ క్షేమం. తమరు చెవుల వెనక వెచ్చగా క్షేమమని పేల దువ్వెన చెప్తోంది.

ఇన్నాళ్లూ తిట్లన్నీ మీ అమ్మగారే తిన్నారు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని సామెత కూడా ఆవిడ మీదే. పాపం, ఆవిడ బతుకెంత? 2-3 మిల్లీమీటర్ల ఒళ్లు. ఎగరలేదు, గెంతలేదు. తల మీదుంటే ఓ నెల, కిందపడితే రక్తం దొరక్క ఒకట్రెండు రోజులు. దిండ్లన్నీ మిద్దె మీద ఎండేసిన మా అత్త చాకిరీ చాలావరకు దండగే. తలకి తల తగిలితేనే ఆవిడకి ప్రయాణం. సెల్ఫీకి తలలు ఆనించే మా పిల్లలే ఆవిడకి ఫ్రీ బస్సు.

అసలు పెత్తనం తమరిది. ఆవిడ రోజుకి ఆరేడు గుడ్లు పెట్టి, వెంట్రుక మొదట్లో జిగురుతో అతికిస్తుంది. ఆ జిగురు షాంపూకి కరగదు, మా అత్త శాపనార్థాలకీ కరగదు. మేం మందు రాసి, రాలిన పేలను తెల్లకాగితం మీద లెక్కపెట్టి పండగ చేసుకుంటాం. తమరు మాత్రం పెంకులో వారం పైన కూర్చుని, తీరిగ్గా బయటికొచ్చి, మూడుసార్లు చర్మం వదిలి, ఇంకో పది రోజుల్లో గుడ్లు పెట్టే వయసుకొస్తారు. వారం పది రోజులకు మళ్లీ రాయాలని డబ్బా మీదే ఉంటుంది. చదివేదెవరు? మొదటిసారికే మా టెన్షన్ తీరిపోతుందిగా!

పైగా మురికి తలల్లోనే తమరుంటారని మా అపార్ట్‌మెంట్ నమ్మకం. రోజూ తలంటుకునే తలలోనూ ఉంటారని చెప్తే వినరు. అందుకే మా పిల్లకి పేలున్నాయని ఎవరూ నోరు విప్పరు. మా ఇంట్లో పోయినవాళ్లు పక్కింటి నుంచి తిరిగొస్తారు. మా పరువే తమరికి కాపలా.

తమరి ఆటలు సాగనిది కొండ మీద కల్యాణకట్టలోనే. కత్తి మొదలంటా వస్తుంది. తలనీలాలు వేలానికి పోతాయి, మాడు వేడి లేక తమరు పెంకు దాటరు. కానీ మా పెద్దది గుండుకి ససేమిరా అంది, మూడు కత్తెర్లయితే సరేనంది. కత్తెర పడేది కొసల మీద. వెంట్రుక నెలకి సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, అంత దిగువన ఏదైనా మిగిలితే అది ఖాళీ పెంకే. తమరు మొదట్లోనే భద్రం.

కాబట్టి వచ్చే శుక్రవారం తలంటుకి రెండోసారి మందు ఖాయం చేశాను. పక్కింటావిడకీ చెప్పేశాను. ఆవిడ మొహం ముడుచుకుంది గానీ, మందు పేరు మాత్రం రాసుకుంది.

ఇట్లు,
రెండో డబ్బా కొన్న ఒక తల్లి