వరిగడ్డి మేసే గేదెకు డెన్మార్క్ మందా?

పాడి ఆవులు వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును మేతతోనే తగ్గించాలని డెన్మార్క్ 2025లో 50కి పైబడి ఆవులున్న క్షేత్రాలకు నిబంధన విధించింది. మేతలో కలిపే బోవేర్ అనే మందును ఏడాదిలో కనీసం 80 రోజులు వాడాలి, లేదా మేతలో కొవ్వు పెంచాలి అన్నది ఆ నిబంధన. ఆవులు మేత మానేస్తున్నాయని, జబ్బుపడుతున్నాయని అక్కడి రైతులు అదే ఏడాది ఫిర్యాదు చేశారు. ఆ వివాదం ఎలా తేలినా, ఈ నమూనా మన పాడికి పనికిరాదు.

పశువు పెద్ద పొట్టలో మేత పులిసేటప్పుడు పుట్టే హైడ్రోజన్‌ను కొన్ని సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. అది ఎక్కువగా త్రేన్పులతో బయటికి పోతుంది. బోవేర్‌లోని 3-ఎన్‌ఓపీ అనే రసాయనం ఆ చివరి మెట్టును నడిపే ఎంజైమును అడ్డుకుని, పాడి ఆవుల్లో మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గిస్తుంది. అయితే ఆ ప్రభావం కొద్ది గంటలదే కనుక, మందు ప్రతి ముద్దలోనూ అందాలి. గడ్డినీ దాణానీ యంత్రంలో కలిపి రోజంతా ముందుంచే కొట్టంలో అది సాధ్యం. మన గేదెకు చిట్టు, తవుడు, పత్తి చెక్క తడిపి పెట్టేది పాలు పితికే రెండు పూటలే. మిగతా పొద్దంతా వరిగడ్డి, గట్ల మీది పచ్చిక. పైగా మేతలో పీచు పెరిగేకొద్దీ ఈ మందు పట్టు సడలుతుంది.

ఇరవై ఏళ్ల లెక్కలో మీథేన్ బొగ్గుపులుసు వాయువుకు 80 రెట్ల వేడిమి కారకమనీ, 2019 గణన ప్రకారం మనకు 30 కోట్లకు పైగా ఆవులు, గేదెలు ఉన్నాయనీ చెప్పేవారి ఆందోళన సబబే. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లనే వగరు పదార్థాలున్న మొక్కలతో రూపొందించిన హరిత్ ధారా అనే మేత మిశ్రమం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందన్నదీ నిజమే.

కానీ అసలు నష్టం వేరేచోట ఉంది. వేసవిలో లక్షణాలు పైకి కనిపించని మూగ ఎదను రైతు గుర్తించలేక కృత్రిమ గర్భధారణ అదను తప్పితే, వట్టిపోయిన గేదె నెలల తరబడి చుక్క పాలివ్వకుండానే మేస్తుంది, మీథేన్ వదులుతుంది. దూడలు ఎదకు రావడం ఆలస్యమైనా అంతే. ఖనిజ లవణ మిశ్రమం, పాతరగడ్డి, పాలకు తగిన దాణా అందితే ఈతల మధ్య ఎడం తగ్గి, అదే గేదె ఎక్కువ పాలిస్తుంది. లీటరుకు పడే మీథేన్ దానంతటదే తగ్గుతుంది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ సమతుల దాణా కార్యక్రమం చెబుతున్నదీ ఇదే. ఈ మార్గంలో రైతుకు ఆదాయం కూడా కనిపిస్తుంది.

ఎందుకంటే పాలకేంద్రంలో వెన్ననూ ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ (వెన్న కాని ఘనపదార్థాలను) కొలిచి డబ్బు కడతారు తప్ప, తగ్గిన మీథేన్‌కు పైసా రాదు. దాణా ధర ఎంత పెరిగినా పాల ధర నిర్ణయంలో రైతు మాటకు చోటు లేనప్పుడు, వాతావరణ భారాన్ని కూడా అతని తొట్టిలోనే పోయడం అన్యాయం. తగ్గించిన కాలుష్య వాయువుల లెక్కకు వచ్చే కర్బన క్రెడిట్లు అమ్ముకోవాలనుకునే డెయిరీలు ముందుగా ఆ సొమ్ములో వాటాను పదిహేను రోజుల పాల బిల్లులో విడి పద్దుగా చూపాలి. అప్పటిదాకా ఏ మందునూ ప్రభుత్వం తప్పనిసరి చేయరాదు.