వేళ తప్పని నుసుము

మా సిరొంచ తాలూకాలో వేళకు డ్యూటీ ఎక్కేది నుసుమనే కుట్టే చిన్న పురుగు ఒక్కటే. పొద్దుగూకే వేళ ప్రాణహిత మీది గాలి కాస్త ఆగిందా, హాజరు. తెల్లారగట్ల ఇంకో విడత. సంతకం పెట్టి చాయ్‌కి పోయే రకం కాదు.

అట్లాంటి దాన్ని పట్టుకుని జనం ‘దోమపిల్ల’ అంటున్నారు. ఎంత అవమానం! దోమ సూది గుచ్చి పీలుస్తుంది. నుసుము నిండా మూడు మిల్లీమీటర్లు లేకున్నా, రంపపు అంచు దవడలతో తోలు కోసి, ఊరిన నెత్తురు తాగుతుంది. దద్దురు రోజుల తరబడి గోకిస్తుంది. కుట్టేది ఆడదే, గుడ్లకు మాంసకృత్తులు కావాలిగా. మగది పూలతేనెతో కాలక్షేపం చేస్తుంది, మన అరుగుల మీది పెద్దమనుషుల్లాగే.

మన యుద్ధసన్నాహం చూడండి. దోమల మందు పొగ కొట్టే బండి మిట్టమధ్యాహ్నం వచ్చిపోయింది. నుసుములు నీడన విశ్రాంతి తీసుకునే వేళ అది. వాటి డ్యూటీకి అడ్డురాకూడదన్న మర్యాద కాబోలు. దోమతెర కట్టుకుంటే కన్నాల్లోంచి దర్జాగా దూరిపోతాయి. ఫ్యాను గాలికి మాత్రం నిలవలేవు పాపం, రెక్కల బలం తక్కువ. అందుకే కాబోలు కరెంటు సరిగ్గా సాయంత్రం ఆరింటికి పోతుంది. రెండు శాఖల మధ్య ఇంత సమన్వయం నేనింకెక్కడా చూడలేదు.

గొర్రెల సంగతిలో మాత్రం నవ్వు రాదు. వానలప్పుడు మందలో మూతులు వాచి, చొల్లు కారి, కాళ్లు కుంటి, ఒక్కోదాని నాలుక నీలమెక్కితే అది నీలినాలుక రోగం. మనుషులకు రాదు. గొర్రె గొర్రెకు ఆనుకుంటే అంటేది కాదు, ఈ నుసుము కాటే మోసుకొస్తుంది. ఆ సంగతి వదిలేసి ‘నీ మంద వల్లే నా మంద పోయింది’ అని గొల్లోళ్లూ కురుమలూ తలలు పగలగొట్టుకుంటారు. నుసుము పేరు పంచాయితీలో ఒక్కసారీ రాలేదు.

అది పుట్టేచోటు కూడా రహస్యమేం కాదు. బోరింగు గద్దె కింద ఎన్నడూ ఆరని బురద, కొట్టంలోంచి పేడనీళ్లు పారే కాలువ. అక్కడ కాస్త మొరం పోస్తే సగం పీడ పోతుందని గ్రామసభలో అంటే, ‘నిధులొస్తే చూద్దాం’ అని చేతులు దులుపుకున్నారు.

కాబట్టి నా సవరణ ఒకటే: వచ్చే గ్రామసభ సాయంత్రం ఆరింటికి, ఆ కాలువ గట్టునే పెట్టాలి. పొట్టిచేతుల చొక్కాలు తప్పనిసరి.