మోకాటి లోతు లాగూన్

మా నానమ్మకి చెవుడు లేదు, అది ముందే చెప్పాలి. అన్నీ వినపడతాయి, కాకపోతే తనకి కావాల్సినట్టు వినపడతాయి. మా బావమరిది సోఫాలో కూర్చుని "ఈసారి గోవా వద్దు బావా, లాగూన్‌కి పోదాం" అన్నాడో లేదో వంటింట్లోంచి "లాగు కొననీకి గంత దూరం రైలెక్కుడేంది బిడ్డా, కోఠిల దొర్కదా?" అంది. లాగు కాదు నానమ్మా లాగూన్, సముద్రం పక్కన ఉంటుంది, ఏటి నీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసిన పెద్ద సరస్సు అని పావుగంట చెప్పాం. అంతా శ్రద్ధగా విని "అయితే రెండు తెచ్చుకో" అంది.

పులికాట్ అన్నమాట మా ప్లాన్. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే, ఎక్కువ భాగం మన ఆంధ్రాలోనే ఉంది, ఇన్నేళ్ళూ ఎందుకు పోలేదో అని బాధపడిపోయి నేను అమీర్‌పేటలో కొబ్బరిచెట్ల బొమ్మలున్న షార్ట్స్ ఒకటి కొన్నాను. షార్ట్స్ అని నేనంటున్నాను గానీ నానమ్మ భాషలో అదీ లాగే. బావమరిది చూపించిన రీల్‌లో నీళ్ళు అద్దంలా నీలంగా, అడుగున చేపలు కనపడుతూ ఉన్నాయి. అది మాల్దీవులని తర్వాత తేలింది.

నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారకముందే గూడూరులో దిగి కారు మాట్లాడుకున్నాం. దారిలో నేలపట్టు దగ్గర ఆగి చెట్ల నిండా గూడబాతుల్ని చూశాం. అవి అంత దూరం పోయి పులికాట్‌లో చేపలు పట్టుకొచ్చి పిల్లలకి పెడతాయంట, మావాడేమో టేబుల్ మీద పెట్టిన ఇడ్లీ కూడా తినడు, ఆ ముక్క నేను పైకే అన్నాను, మా ఆవిడ కారెక్కేదాకా మాట్లాడలేదు.

సూళ్ళూరుపేట, తడ దాటి భీములవారిపాలెం రేవుకి చేరాం. ఫిబ్రవరి నెల. పడవ చూడగానే మా ఆవిడ అందరికీ లైఫ్ జాకెట్లు బిగించేసింది, నాకైతే రెండోది కూడా తగిలించబోయింది, నాకు ఈత రాదు. "బాబూ, లోతెంత ఉంటుంది?" అని గంభీరంగా అడిగాను. పడవతను గెడ తీసి నీళ్ళలో గుచ్చి పైకెత్తి చూపించాడు. తడి అతని మోకాటి దాకా ఉంది. "ఈడ ఇంతే సామీ, లోపలికి పోతే ఇంకా తగ్గుద్ది" అన్నాడు. హుస్సేన్ సాగర్ దీనికన్నా లోతు! రెండు వారాల నుంచి ఆఫీసులో ఒక్కొక్కణ్ణీ ఆపి లాగూన్ లాగూన్ అని చెప్పుకున్న మనిషిని, లైఫ్ జాకెట్ వేసుకుని మోకాటి లోతు నీళ్ళలోకి బయల్దేరాను.

పావుగంట బానే పోయింది. అదిగో ఆ అవతల గట్టు శ్రీహరికోట అని పడవతను చూపించాడు, 2023లో చంద్రయాన్-3 లేచింది అక్కడి నుంచే అని బావమరిది మా వాడికి చెయ్యెత్తి మరీ వివరిస్తుంటే పడవ "గుర్ర్" అని ఆగిపోయింది. అడుగు అడుసులో దిగబడింది. చంద్రుడి దాకా పోయినవాళ్ళు ఎదురుగా, మేమేమో ఇక్కడ అంగుళం కదలట్లేదు.

"మొగోళ్ళు దిగండి సామీ, తాడు లాగండి."

బావమరిదికి అప్పుడే నడుం నొప్పి వచ్చింది. నేను దిగాను. నీళ్ళు మోకాటి దాకానే, కింద బురద మాత్రం ఇంకో మోకాలు. ఎడమ చెప్పు అక్కడే ఉండిపోయింది, ఇప్పటికీ ఉండుంటుంది. "లాగండి సామీ లాగండి" అని పడవతను అరుస్తున్నాడు, పైన మా ఆవిడ కడుపు పట్టుకుని "లాగు అని నానమ్మ ముందే చెప్పింది కదండీ" అని నవ్వుతోంది, ఆ ఊపులో ఒక్క గుంజు గుంజాను, పడవ కదిలింది, అదే సమయానికి వెనకాల పర్రుమని చప్పుడు. కొబ్బరిచెట్లు రెండుగా చీలిపోయాయి.

ఫ్లెమింగోలు కనపడింది సరిగ్గా అప్పుడే. వందల కొద్దీ, గులాబీ రంగులో, నేను కూరుకుపోయిన అదే బురదలో ఎంత దర్జాగా నిలబడ్డాయో! ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి జల్లెడ పట్టుకుని తింటున్నాయి. నీళ్ళు తక్కువ కాబట్టే వస్తాయంట, ఆ కాళ్ళకి ఇదే సరైన లోతు. కొన్ని బూడిద రంగులో ఉంటే మావాడు "డాడీ, వాటికి రంగు వెలిసిపోయిందా?" అన్నాడు. అవి పిల్లలురా, తిండిలోంచి పట్టి మెల్లగా రంగొస్తుంది అని చెప్పాను, లైఫ్ జాకెట్ విప్పి వెనక కట్టుకుంటూ. ఆ జాకెట్ నా ప్రాణం సంగతేమో గానీ మానం మాత్రం కాపాడింది.

ఒడ్డున పీతల పులుసు గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. వేళ్ళు ఇంకా వాసన వస్తున్నాయి.

సూళ్ళూరుపేట బజార్లో బట్టల కొట్టుకి టవల్ చుట్టుకునే పోయాను. నా సైజుకి ప్యాంటు లేదంట, ఉన్నదల్లా పట్టాపట్టీల లాగు, నాడాతో సహా. అదే వేసుకుని రైల్లో పై బెర్త్ ఎక్కి పడుకున్నాను, బాత్రూమ్‌కి కూడా దిగలేదు.

పొద్దున్నే తలుపు తీసింది నానమ్మే. కింది నుంచి పైదాకా చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "మీ తాత గిసొంటిదే తొడిగెటోడు" అని బట్ట వేళ్ళతో నలిపి చూసి "ఎంతకిచ్చిండు?" అంది.

నూట ఎనభై అన్నాను.

"కోఠిల నూట ఇరవైకే ఇస్తుండె."