గూగుల్‌కి మా బావమరిది ఎవరో తెలియజేయు విధం

పాత ఇల్లు కొనాలంటే మా బరంపురంలో ఇన్నాళ్లూ ఒకటే పద్ధతి. పెదమావయ్యని వెంటబెట్టుకెళ్లాలి. ఆయన గోడని వేలిమెటికతో రెండుసార్లు కొడతాడు, పిట్టగోడ మీంచి కిందికి తొంగిచూస్తాడు, ఇంటాయన ఇచ్చిన టీ తాగి "బానే ఉంది" అంటాడు. ఫీజు లేదు, పూచీ లేదు. తొలివానకే పడగ్గది గోడ చెమ్మెక్కితే మళ్లీ వచ్చి, మళ్లీ టీ తాగి, "నాకు అప్పుడే డౌటొచ్చింది" అంటాడు.

ఇంత చక్కటి వ్యవస్థను మా బావమరిది కూలదోశాడు. సివిల్ డిప్లొమా చేసి, తేమ కొలిచే మీటరూ పెద్ద టార్చీ కొని, కోర్టుపేటలో గది అద్దెకు తీసుకుని ఇళ్లు తనిఖీ చేసే సంస్థ పెట్టాడు. పని తెలిసినవాడే, అది ఒప్పుకోవాలి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో స్లాబు పెచ్చులు ఎందుకూడతాయని అడిగితే, ఉప్పు లోపలికి దిగి చువ్వలు తుప్పుపడతాయని, తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని, ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలి ఊడిపోతుందని చెబుతాడు. 2013 అక్టోబరులో పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచీ ఇక్కడ పుట్టీ పూసి దాచిన ప్రతి పగులునూ వాడు సొంత శత్రువులా చూస్తాడు.

ఒక్కటే లోటు. ఫోను మోగదు.

ఆ లోటు తీరుస్తానని ఒక కన్సల్టెంటు వచ్చాడు. పన్నెండు వేలు తీసుకుని స్ట్రక్చర్డ్ డేటా పెడతానన్నాడు. అంటే ఏమిటని మా అత్తగారు నన్నడిగారు. పెళ్లి బయోడేటా లాంటిదన్నాను. "కుర్రాడు బంగారం" అని పెద్దలు గంటసేపు చెబుతారు, బయోడేటా మాత్రం వయసు, చదువు, ఎత్తు అంటూ గళ్లు గీసి చూపిస్తుంది. ఇదీ అంతే. పేజీలో మనుషులు చదివే వాక్యాల వెనక యంత్రం కోసం ఒక చీటీ ఉంటుంది. ఇది పేరు, ఇది చిరునామా, ఇవి పనివేళలు అని అందులో విడివిడిగా రాస్తారు. ఏ గడికి ఏ పేరు పెట్టాలన్నది 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ అని ఒక ఉమ్మడి పట్టిక పెట్టుకుని తేల్చుకున్నాయి. పోటీ కంపెనీలు మూడు ఒక పట్టిక మీద రాజీపడ్డాయి. మా మూడు వీధులవాళ్లు ఠాకురాణి యాత్ర చందా మీద ఇంతవరకూ రాజీపడలేదు.

"అది పెడితే గూగుల్లో మొదట వస్తాడా?" అన్నారు అత్తగారు.

రాడు. అది గూగులే చెబుతోంది. చీటీ సరిగ్గా ఉంటే యంత్రానికి విషయం తికమక లేకుండా అర్థమవుతుంది, ఫలితాల్లో కాస్త విశేషంగా చూపించడానికి అర్హత వస్తుంది, అంతే. చూపిస్తానన్న హామీ లేదు. ప్రిలిమ్స్ పాసైనవాడికి ఉద్యోగం వచ్చినట్టు కాదు కదా, అదన్నమాట.

చీటీ పెట్టిన వారానికి ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ బెంగాలీలో.

మేం బరంపురం అనే ఊరిని సర్కారు కాగితాలు బ్రహ్మపుర్ అంటాయి. తెల్లవాడు బెర్హంపూర్ అన్నాడు, నోటికి అలవాటైపోయిందేమో, బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రాన్నీ ఇంచుమించు అలాగే పిలిచాడు. సరిగ్గా ఇలాంటి తికమక తీర్చడానికే ఆ చీటీ. రాష్ట్రం గడిలో ఒడిశా, పిన్‌కోడ్ గడిలో 76తో మొదలయ్యే అంకె, అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశ స్థానాల దాకా ఇస్తే ఆఫీసు గుమ్మం దాదాపు మీటరు తేడాలో దొరుకుతుంది. మా కన్సల్టెంటు ఐదు స్థానాలూ శ్రద్ధగా ఇచ్చాడు. కాకపోతే ఊరే తప్పు. మేం 19 డిగ్రీల అక్షాంశం మీదుంటే, చీటీలో 24 అని ఉంది. ఫోన్లన్నీ దానివల్లే వచ్చాయని నేను ప్రమాణం చెయ్యలేను, పేరొక్కటే చాలు ఆ గందరగోళానికి. కానీ మా అత్తగారి తీర్పు అయిపోయింది: "పన్నెండు వేలు పోసి మనూరు ఏదో చెప్పలేకపోయాడేట్రా!"

చీటీ మొత్తం ఎలా ఉందో చూద్దామని ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. వ్యాపారం రకం దగ్గరే వాడి మనసు విరిగింది. స్కీమాలో ఇళ్ల పనివాళ్లకు ఒక గుంపు ఉంది. అందులో ప్లంబరుంది, ఎలక్ట్రీషియనుంది, రంగులేసేవాడు, తాళాలు తీసేవాడు, సామాన్లు మోసే కంపెనీ కూడా ఉన్నాయి. ఇల్లు తనిఖీ చేసేవాడు లేడు. మ్యారేజి బ్యూరో పుస్తకంలో తన గోత్రం కనబడనివాడిలా అయిపోయాడు. దగ్గరి రకం రాసుకో, వివరం సేవల గడిలో చెప్పుకో అన్నాను. పెద్దల కుటుంబాల్లో ఎప్పుడూ చేసేదే.

భాషల గడి ఇంకో చిక్కు. అందులో భాషకి రెండక్షరాల ఇంగ్లీషు గుర్తు రాయాలి. తెలుగుకి టీఈ, ఒడియాకి ఓఆర్. ఇంగ్లీషులో చదివితే ఓఆర్ అంటే లేదా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది మొదలు ఈ సరిహద్దులో నలుగుతున్న ప్రశ్న మొత్తం ఒక గడిలో పట్టేసింది. తెలుగు, లేదా.

అసలు సరుకు కింద ఉంది. సేవలందించే ప్రాంతం: భారతదేశం. వాడి స్కూటరు ఇచ్ఛాపురం దాటి ఎరగదు. రేటింగు: ఐదుకి ఐదు, 312 సమీక్షలు. అప్పటికి వాడు చూసిన ఇళ్లు తొమ్మిది, అందులో ఒకటి మాది. ఇలా తన గురించి తన సైట్లోనే పెట్టుకున్న రేటింగులకు గూగుల్ 2019 సెప్టెంబరులోనే నక్షత్రాలు చూపించడం మానేసింది. సొంత డబ్బా అని మనం ఎప్పుడో అన్నాం, వాళ్లకు కాస్త ఆలస్యంగా తట్టింది. ఆ కింద ముప్పై ప్రశ్నలూ జవాబులూ. వాటిని ఫలితాల్లో చూపించే భాగ్యాన్ని 2023 ఆగస్టులో పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. పోయిన పండక్కి కుట్టిన చొక్కా మనవాడికి కొత్తదని అమ్మారు.

"పేజీలో మనిషికి కనబడని మాట చీటీలో ఉండకూడదని రూలుందిరా, పట్టుకుంటే శిక్ష కూడా ఉంది" అన్నాను.

"చిన్న విషయమే కదా బావా, ఎవరు చూస్తారు?"

"పగులు మీద పుట్టీ పూసినవాడు నీతో ఏమంటాడు?"

వాడు నావైపు చూడలేదు. రేటింగు చెరిపాడు. భారతదేశం చెరిపి గోపాల్‌పూర్, ఛత్రపూర్, ఇచ్ఛాపురం అని కొట్టాడు. సోంపేట దగ్గర కాసేపు ఆగి, పెట్రోలు లెక్కేసుకుని, అదీ చేర్చాడు. 24ని 19 చేశాడు. చీటీలో తప్పులు చూసే పరీక్ష పేజీలో పెడితే తప్పుల్లేవని వచ్చింది. తెల్లారేదాకా ఫోను పక్కనే పెట్టుకుని పడుకున్నాడు, పిచ్చోడు.

మూడు వారాలకు మోగింది. తెలుగే, మనూరే. కోర్టుపేటలో ఒక పాత మేడ బేరానికొచ్చిందట, కొనేముందు చూసిపెట్టమన్నారు. చిరునామా అడిగాడు. వాడి ఆఫీసున్న మేడే.

మీటరు పట్టుకుని మెట్లు దిగి, మళ్లీ మెట్లెక్కి, తన గదితో సహా మొత్తం చూశాడు. వెనకగోడ నిండా ఉప్పు పూసింది, స్లాబు చువ్వలు బయటపడ్డాయి. తన కుర్చీ వెనకాల కేలెండరు తీస్తే అక్కడా చెమ్మే. పద్నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చాడు. బేరం తప్పిపోయింది. ఇంటాయన నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాడు.

లాంజిపల్లిలో ఇంకో గది చూశాం, అడ్వాన్సు ఇచ్చాం. ఇప్పుడు నన్ను మేడ మీద నిలబెట్టి, ఫోనులో అక్షాంశం చదవమంటున్నాడు. ఐదు స్థానాలూ.